37 లీటర్ల ట్యాంకులో 40 ఎలా పట్టింది? రాయగడ, కోరాపుట్ దారుల్లో కారుకి పెట్రోల్ కొట్టించే పద్ధతి

ఒడిశాలోని రాయగడలో కానీ జయపురంలో కానీ ఏ బంకు దగ్గరైనా కాసేపు నిలబడండి, ఈ గొడవ ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. "నా బండి ట్యాంకే 37 లీటర్లు కదా, మీటర్లో 40 ఎలా తిరిగింది?" అని కారాయన, "నిండేదాకానే కొట్టాను అన్నా, నేనేం చేశాను" అని బంకు కుర్రాడు, వెనకాల ఆటోవాడి హారన్. ఇద్దరిలో తప్పెవరిదో తేలాలంటే ముందు ఆ 37 అనే అంకె ఏంటో తెలియాలి. అది తెలియకే మనవాళ్లు పోట్లాడాల్సిన చోట ఊరుకుంటారు, ఊరుకోవాల్సిన చోట పోట్లాడతారు.

కారుతో పాటు ఇచ్చే మాన్యువల్లో (చాలా ఇళ్లలో దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పరు) రాసి ఉండే ట్యాంకు కెపాసిటీ, మూతిదాకా పోస్తే పట్టే కొలత కాదు. కంపెనీవాళ్లు పైన కొంత ఖాళీ వదిలి, ఇక్కడిదాకా నింపితే క్షేమం అనుకున్న చోట గీత గీసి ఆ అంకె చెప్తారు. ట్యాంకు అసలు పరిమాణం అంతకంటే సాధారణంగా 10 నుంచి 20 శాతం ఎక్కువే ఉంటుంది. పైగా మూత దగ్గర్నుంచి ట్యాంకు దాకా దిగే గొట్టంలో కూడా కొంత నిలుస్తుంది. కాబట్టి 37 లీటర్ల కారు ఎండిపోయేదాకా నడిపి, ఆ తర్వాత మూతిదాకా కుక్కి కుక్కి పోయిస్తే 40, 41 పట్టడం వింత కాదు, అక్కడ కుర్రాడిమీద అరవడం దండగ.

ఇంకో రకం కేసు ఉంది, అందులో మాత్రం అరవాలి. అదే 37 లీటర్ల కారులో ముల్లు పావు దగ్గర ఉంది, అంటే లోపల ఇంచుమించు 9 లీటర్లు ఉన్నాయి, ఇంకా 28 పట్టాలి. ముల్లు కచ్చితంగా చూపించదు కాబట్టి 30, 31 దాకా సరిపెట్టుకోవచ్చు. మొదటిసారి గన్ ఆగేసరికే మీటరు 36 చూపిస్తే ఆ లెక్క ఎక్కడా అతకదు. అప్పుడు ఏం చేయాలో కింద చెప్తాను.

ముందు మీ కారు అంకె చూసుకోండి. కొత్త ఆల్టో కె10 అయితే 27 లీటర్లు, వ్యాగన్‌ఆర్ 32, స్విఫ్ట్, డిజైర్, బాలెనో మూడూ 37, నెక్సాన్ 44, ఎర్టిగా 45, క్రెటా 50, ఇన్నోవా క్రిస్టా 55, మన ఏజెన్సీ రోడ్ల మీద ఎక్కడ చూసినా కనిపించే బొలేరో 60. అదే పేరుతో వచ్చిన పాత మోడల్‌కి, కొత్త మోడల్‌కి తేడా ఉంటుంది (పాత ఆల్టో 800కి 35 ఉండేది), అందుకని పక్కింటాయన కారు అంకెను మీది అనుకోకండి.

ఆ అంకె తెలిశాక దాన్ని లీటర్లలో గుర్తుపెట్టుకోవడం వల్ల పెద్ద లాభం లేదు, కిలోమీటర్లలోకి మార్చి గుర్తుపెట్టుకోవాలి, అదీ మీరు తిరిగే రోడ్డు మీద వచ్చే కిలోమీటర్లలో. 37 లీటర్ల ట్యాంకులో అడుగున ఒక 5 లీటర్లు లేవనుకోండి, అది ఆపదకి. మిగిలిన 32. మీ బండి మైదానంలో లీటరుకి 17 ఇస్తే 544 కిలోమీటర్లు. అదే ఘాట్ రోడ్డు, ఏసీ, ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా పెళ్లి సామాను ఉంటే 12కి పడిపోవచ్చు, అప్పుడు 384. ఒకే ట్యాంకు, ఒకే బండి, నూట అరవై కిలోమీటర్ల తేడా. రాయగడ నుంచి విశాఖపట్నం ఇంచుమించు రెండొందల కిలోమీటర్లు అనుకుంటే, మొదటి లెక్కలో వెళ్లి వచ్చాక కూడా ఊళ్లో రెండ్రోజులు తిరగొచ్చు, రెండో లెక్కలో వచ్చేటప్పుడు పార్వతీపురం దాటేసరికి పసుపు లైటు వెలుగుతుంది.

ముల్లుని ఎంతవరకు నమ్మాలి

ట్యాంకు లోపల ఒక తేలే ముక్క ఉంటుంది, ఇంటి మీద నీళ్ల ట్యాంకులో బంతి తేలినట్టే, దానికి ఒక చిన్న చెయ్యి, ఆ చెయ్యి పైకీ కిందకీ కదిలేకొద్దీ కరెంటు నిరోధం మారి డాష్‌బోర్డు మీద ముల్లు కదులుతుంది. అంతే. అది పెట్రోల్‌ని కొలవదు, పెట్రోల్ ఎంత ఎత్తులో ఉందో మాత్రం చూస్తుంది. ట్యాంకేమో చతురస్రపు డబ్బా కాదు, వెనక సీటు కింద సైలెన్సర్ గొట్టానికీ ఇరుసుకీ దారి ఇస్తూ ఎటుపడితే అటు వంగి ఉంటుంది. అందుకే చాలా కార్లలో ఫుల్ నుంచి సగానికి రావడానికి వారం పడితే సగం నుంచి రిజర్వ్‌కి నాలుగు రోజుల్లోనే వచ్చేస్తుంది. పెట్రోల్ ఎవరో తీసేశారని డ్రైవర్‌ని అనుమానించే ముందు ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే మూతిదాకా పోయించినప్పుడు ముల్లు ఎఫ్ దాటి ఇంక పైకి వెళ్లలేదు, ఆ అదనం కరిగేదాకా అలాగే నిలబడుతుంది.

ఏటవాలు రోడ్డు మీద అయితే మరీ. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతుంటే కారు ముక్కు పైకి ఉంటుంది, పెట్రోల్ అంతా ట్యాంకు వెనక్కి చేరుతుంది, ఆ తేలే ముక్క ఏ మూలన ఉందో దాన్నిబట్టి ముల్లు ఉన్నదానికంటే ఎక్కువో తక్కువో చూపిస్తుంది. పొట్టంగి దగ్గర సమంగా ఉన్న చోట బండి ఆపి ఓ నిమిషం ఆగి చూస్తే అసలు సంగతి కనబడుతుంది. ఘాటీ మధ్యలో ముల్లు చూసి టెన్షన్ పడటం, లేకపోతే ధైర్యం తెచ్చుకోవడం, రెండూ అనవసరం.

కొత్త కార్లలో "ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్తుంది" అని స్క్రీన్ మీద అంకె వస్తుంది కదా, అది జోస్యం కాదు, ఇప్పటిదాకా తాగిన లెక్కని ముందుకి సాగదీసి చెప్తుంది. ఘాటీ ఎక్కుతున్నంతసేపూ ఆ అంకె దడదడా పడిపోతుంది, దిగుతుంటే మళ్లీ పెరుగుతుంది. కోరాపుట్ నుంచి సాలూరు దిగి వచ్చాక 90 చూపిస్తోంది కదా అని మళ్లీ వెనక్కి ఎక్కబోతే ఆ 90లో సగం కూడా రాకపోవచ్చు. సాలూరు సముద్రమట్టానికి దాదాపు 120 మీటర్ల ఎత్తులో ఉంది, కోరాపుట్ దాదాపు 870 మీటర్లు. ఏడొందల యాభై మీటర్ల పైకి టన్ను బరువున్న కారుని లాగాలంటే పెట్రోల్ కాలాల్సిందే, ఆ స్క్రీన్‌కి ముందున్న కొండ సంగతి తెలియదు.

పసుపు లైటు గురించి ఒక మాట. అది వెలిగాక చాలా కార్లలో నాలుగైదు లీటర్లు ఉంటుంది, మీ బండిది మాన్యువల్లో చూడండి. లైటు వెలిగాకే బంకుకి వెళ్లే అలవాటు ఉన్నవాళ్లు చాలామంది, కానీ పెట్రోల్ పంపు, అంటే ఇంజన్‌కి పెట్రోల్ తోసే మోటారు, ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ అడుగంటిన ట్యాంకుతో నడిపితే అది వేడెక్కి తొందరగా పాడవుతుంది, అది మార్చడానికయ్యే ఖర్చు వేలల్లోనే. పావు దగ్గరకి రాగానే నింపేయడం మంచిది.

గన్ "టక్" అన్నాక

బంకు దగ్గర జరిగేది దగ్గరగా చూడండి. గన్ చివర, గొట్టం నోటి దగ్గర, ఒక చిన్న కన్నం ఉంటుంది. పెట్రోల్ పడుతున్నంతసేపూ ఆ కన్నం గాలి పీలుస్తుంటుంది. పెట్రోల్ పైకి వచ్చి ఆ కన్నాన్ని మూయగానే లోపల పీల్పు మారి ఒక పల్చటి పొర కదిలి మీట ఊడిపోతుంది, "టక్" మంటుంది. దీనికి కరెంటూ కంప్యూటరూ ఏమీ అక్కర్లేదు. ఆ మొదటి టక్‌తో మీ ట్యాంకు నిండినట్టే లెక్క.

సరిగ్గా అక్కడే కుర్రాడు మీటరు వైపు చూస్తాడు. 3,862 రూపాయలు ఉంటుంది. "అన్నా, రౌండ్ చేసేయమంటారా, 4,000?" అని అడుగుతాడు, సగంమంది ఊఁ అంటారు, వాడు గన్ కొంచెం పైకి లాగి వేలితో నొక్కుతూ, ఆగుతూ, మళ్లీ నొక్కుతూ, నురగ పొంగి మూతి దగ్గర కనబడేదాకా పోస్తాడు. చిల్లర సమస్య ఉన్న రోజుల్లో ఏమో కానీ ఫోన్‌తో కట్టే రోజుల్లో రౌండ్ ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఆ పైన వదిలిన ఖాళీ ఊరికే వదల్లేదు. పెట్రోల్ వేడికి పెరుగుతుంది, 40 లీటర్లు ఒక పదిహేను డిగ్రీలు వేడెక్కితే అర లీటరు పైనే పెరుగుతుంది. బంకులో భూమి కింద చల్లగా ఉన్న పెట్రోల్‌ని మూతిదాకా పోయించి, మే నెలలో గుణుపురంలో పెళ్లికి వెళ్లి కల్యాణమండపం ముందు ఎండలో కారు పెట్టారనుకోండి, ఆ అర లీటరు ఎక్కడికి పోతుంది? ట్యాంకులో పుట్టే ఆవిరిని పట్టుకోవడానికి బొగ్గు పలుకులు నింపిన ఒక డబ్బా ఉంటుంది, అది ఆవిరి కోసమే. అందులోకి ఆవిరి బదులు పెట్రోలే చేరితే బొగ్గు తడిసిపోయి ఇంక పని చేయదు, కారంతా పెట్రోల్ వాసన, పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయింపు, ఇంజన్ లైటు వెలగడం, అన్నీ దాని వెనకే. లీటరు ఎక్కువ పట్టించుకున్న సంతోషం డబ్బా మార్పించిన రోజు తీరిపోతుంది. కాబట్టి మొదటి టక్ దగ్గర "చాలు" అనండి. గన్ సరిగ్గా పెట్టక ముందే ఆగిపోయిందని అనుమానం ఉంటే ఇంకొక్కసారి నొక్కమనండి, రెండోసారి కూడా వెంటనే ఆగితే నిండినట్టే.

బంకులో చూసుకోవాల్సినవి

మూత ఏ వైపు ఉందో మర్చిపోయి చుట్టూ తిప్పేవాళ్లు, ముఖ్యంగా అద్దెకి తెచ్చుకున్న బండి అయితే, డాష్‌బోర్డులో పెట్రోల్ గుర్తు పక్కన చిన్న బాణం చూడండి, అది ఎటు చూపిస్తే మూత అటే. ఇంజన్ ఆపేయండి, కిందకి దిగండి. దిగడం ముఖ్యం. సీట్లో కూర్చుని అద్దంలోంచి మీటరు చూడటం కుదిరే పని కాదు.

దిగాక పెట్రోలా డీజిలా అన్నది గట్టిగా చెప్పండి, ఒడియాలోనో తెలుగులోనో మీ ఇష్టం, రాయగడ బంకుల్లో రెండూ నడుస్తాయి. "కెతే టొంకార?" (ఎన్ని రూపాయలకి?) అని అడిగితే మొత్తం ఒకేసారి చెప్పండి. మీటర్లో రూపాయల దగ్గరా లీటర్ల దగ్గరా సున్నాలు పడ్డాక, లీటరు రేటు బోర్డు మీదున్నదే మీటర్లో ఉందో లేదో చూశాకే మొదలుపెట్టనివ్వండి. మామూలు పెట్రోల్ కాకుండా లీటరుకి కొన్ని రూపాయలు ఎక్కువున్న ప్రీమియం గన్ అందుకుంటే అది రేటులోనే తెలిసిపోతుంది. మామూలు ఫ్యామిలీ కారుకి అది అక్కర్లేదు, మాన్యువల్లో ప్రత్యేకంగా అడిగితే తప్ప.

పాత ఎత్తు ఒకటి ఇప్పటికీ నడుస్తోంది, తెలుసుకోండి. మీరు 1,000 అంటారు, వాడు 200కే ఆపేస్తాడు. "అయ్యో, రెండొందలు అనుకున్నా అన్నా, మిగతా 800 కొట్టేస్తా" అంటాడు. ఈలోగా రెండోవాడు వచ్చి అద్దం తుడుస్తాననో, కార్డా ఫోన్‌పేనా అనో మిమ్మల్ని పలకరిస్తాడు. సున్నా చేయకుండా 200 మీదనుంచే 800 దాకా కొట్టి గన్ తీసేస్తాడు, మీరు వెయ్యి కడతారు. అందరూ చేస్తారని కాదు, పద్ధతిగా కొట్టే బంకులే ఎక్కువ, కానీ మధ్యలో ఆపితే మాత్రం ఆ 200కి బిల్లు తీయించుకుని, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టమనండి. బిల్లు అడగడం మొహమాటం కాదు.

500, 1,000 కాకుండా 510, 1,020కి కొట్టించమని చెప్పే మహానుభావులు ఊరికొకరు ఉంటారు. యంత్రాన్ని మోసానికి దిద్దినవాడికి రెండూ ఒకటే. అలాగే తెల్లవారుజామున కొట్టిస్తే చల్లగా ఉండి ఎక్కువ వస్తుందనేది కూడా, బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, పగటికీ రాత్రికీ దాని వేడి పెద్దగా మారదు, నిద్ర పాడుచేసుకోకండి.

నిజంగా అనుమానం వస్తే, అంటే పైన చెప్పిన పావు ట్యాంకు కేసులాంటిది, ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలత పాత్ర ఉండాలి, మీరు అడిగితే మీ ముందు అదే గన్‌తో అందులో 5 లీటర్లు కొట్టి చూపించాలి. మెడ దగ్గర గీతలు ఉంటాయి, 25 మిల్లీలీటర్ల దాకా అటూ ఇటూ తేడా ఒప్పుకుంటారు, అంతకు మించితే ఒప్పుకోరు. కల్తీ అనుమానానికి ఫిల్టర్ కాగితం అడగండి, దాని మీద ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో ఆరిపోవాలి, మరక మిగిలితే తేడా ఉన్నట్టు. పెట్రోల్ సాంద్రత 15 డిగ్రీల దగ్గర ఘనమీటరుకి 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి, ఆ రోజుది మీటరు మీదో బోర్డు మీదో రాసి ఉంటుంది. ఇవేవీ చూపించం అని వాళ్లంటే బంకులో ఫిర్యాదు పుస్తకం అడగండి, అది ఇవ్వాల్సిందే, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. గాలి, తాగే నీళ్లు, మరుగుదొడ్డి ఉచితం అన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

మైలేజీ లెక్క, ఒక్కసారైనా చేయండి

ఇది చేయని వాళ్లకి పైన చెప్పిందంతా సగమే ఉపయోగం. ఫుల్ చేయించండి, మొదటి టక్ దగ్గర ఆపండి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. మామూలుగా తిరగండి. సగం దాటి ఖాళీ అయ్యాక వీలైతే అదే బంకు, అదే గన్, మళ్లీ మొదటి టక్. ట్రిప్‌లో 412 కిలోమీటర్లు ఉన్నాయి, ఈసారి 24.6 లీటర్లు పట్టింది, భాగిస్తే 16.7. అదీ మీ బండి నిజం, షోరూమ్‌లో చెప్పింది కాదు, స్క్రీన్ మీద కనబడేదీ కాదు. మైదానానికి ఒకటి, ఘాట్ రోడ్డుకి ఒకటి విడిగా తీసుకుంటే, ఆ రెండు అంకెలు మూత లోపలివైపు చిన్న కాగితం మీద రాసి అతికించుకుంటే ఇంట్లో ఎవరు బండి తీసినా పనికొస్తుంది.

ఈ మధ్య మైలేజీ కాస్త తగ్గిందని అనిపిస్తే దానికి కారణం మీ బండే కానక్కర్లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే వంద పాళ్లలో 20 దాకా ఇథనాల్. ఇథనాల్లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. కొత్త బళ్లలో ఇంజన్ దానికి తగ్గట్టు తయారైంది, పాత బళ్లలో తేడా ఇంకొంచెం ఎక్కువ తెలుస్తుంది. ఇథనాల్‌కి ఇంకో గుణం ఉంది, నీళ్లని పీల్చుకుంటుంది. హైదరాబాదులో ఉద్యోగం, కారు మాత్రం రాయగడలో అమ్మానాన్నల దగ్గర షెడ్డులో, వానాకాలమంతా కదలకుండా, ఈ రకం ఇళ్లు మన వైపు చాలానే. అలాంటి కారులో అడుగంటిన ట్యాంకు వదిలి వెళ్లకండి, ఖాళీలో తేమ చేరుతుంది. ముప్పాతిక దాకా ఉంచి, ఇంట్లో ఎవరికైనా చెప్పి వారానికోసారి మజ్జిగౌరి గుడి దాకా అయినా తిప్పించండి.

ఒడిశాలో కొట్టించాలా, ఆంధ్రాలోనా

మనవైపు ఎవరు కలిసినా వచ్చే ప్రశ్న. పెట్రోల్ జీఎస్టీలో లేదు, రాష్ట్రాల పన్ను వేరు. ఏపీలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, దానికి తోడు లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. ఒడిశాలో వ్యాట్ 28 శాతం. అందుకే సరిహద్దుకి ఇటువైపు బంకుల్లో ఏపీ నంబరు బళ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఒడిశాలో కూడా లోపలి జిల్లాలకి వెళ్లేకొద్దీ రవాణా ఖర్చు కలిసి రేటు పెరుగుతుంది, మల్కనగిరిలో భువనేశ్వర్ రేటు ఉండదు. రేట్లు రోజూ ఉదయం 6 గంటలకి మారతాయి కాబట్టి ఆ రోజు బోర్డే ప్రమాణం.

కానీ ఎంత మిగులుతుందో లెక్క కట్టండి. లీటరుకి 5 రూపాయలు తేడా అనుకుందాం, 30 లీటర్లు పట్టిస్తే 150 మిగులు. దానికోసమే పనిగట్టుకుని 20 కిలోమీటర్లు వెళ్లి 20 తిరిగొస్తే, లీటరుకి 16 చొప్పున రెండున్నర లీటర్లు కాలింది, 105 రేటున 262 రూపాయలు. నూట పన్నెండు రూపాయలు చేతి చమురు వదిలించుకుని, "ఒడిశా పెట్రోల్ కొట్టించా" అని చెప్పుకోవడం. అదే రాయగడలో పని ఉండి వచ్చి పార్వతీపురం తిరిగి వెళ్తూ, సరిహద్దు దాటగానే ఏపీలో వచ్చే కూనేరు చేరకముందే ఫుల్ చేయిస్తే ఆ 150 నికరంగా మీదే. దారిలో ఉంటే కొట్టించండి, దారి తిప్పుకుని వద్దు. రాయగడ, జయపురం వాళ్లు విశాఖ వెళ్లేటప్పుడు ఇక్కడే ఫుల్ చేయించి, రానూపోనూ సరిపోతుందో లేదో పైన తీసిన మైలేజీతో చూసుకుంటే, అక్కడ తిరుగుడుకి సరిపడా మాత్రం కొట్టించుకుంటే చాలు.

ఘాటీ, వానాకాలం, రాత్రి

రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వందకి పైగా కిలోమీటర్లు, జయపురం నుంచి మల్కనగిరి కూడా అంతే. ఊళ్ల దగ్గర బంకులు ఉంటాయి, మధ్యలో అడవి పొడుగునా ఉండవు, ఉన్నవి కూడా రాత్రి పొద్దుపోయాక తెరిచి ఉంటాయన్న నమ్మకం లేదు. బయలుదేరేటప్పుడు సగం కంటే తక్కువతో ఘాటీ ఎక్కకపోవడం మంచిది. వానాకాలంలో కొండచరియ పడితే, లేకపోతే లారీ అడ్డంగా ఆగిపోతే, గంటలు గంటలు కూర్చోవాలి, కొమరాడ వైపు ఏనుగులు రోడ్డెక్కినా అంతే. పిల్లలున్నారని ఏసీ వేసుకుని ఇంజన్ ఆన్‌లో ఉంచితే గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా కాలుతుంది, అదీ లెక్కలో వేసుకోండి. జేబులో కొంచెం నగదు కూడా ఉండాలి, కొండ మీద సిగ్నల్ లేక ఫోన్ పేమెంట్ చక్రం తిరుగుతూ ఉంటే బంకువాడు గన్ ఎత్తడు.

దిగేటప్పుడు పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి వదిలేవాళ్లున్నారు, దాని గురించి గట్టిగానే చెప్పాలి. ఇప్పటి ఇంజక్షన్ ఇంజన్లలో బండి గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే కంప్యూటర్ పెట్రోల్‌ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ కాల్చాల్సిందే. అంటే న్యూట్రల్లో పెట్రోల్ ఎక్కువ పోతుంది, పైగా ఇంజన్ పట్టు లేక బరువంతా బ్రేకుల మీదే పడి అవి కాలిపోయి సుంకి మలుపుల్లో అసలు పట్టవు. రెండో గేరో మూడో గేరో వేసి దిగండి.

అన్నీ తప్పి నడిమధ్యలో ఆగిపోతే, సంత ఊళ్లలో కిరాణా కొట్ల ముందు సీసాల్లో పెట్రోల్ కనబడుతుంది. ఎంత అవసరమైనా ఒక లీటరో రెండో, దగ్గరి బంకు దాకా వెళ్లడానికి మాత్రమే, అదీ గుడ్డలో వడగట్టి. అందులో ఏం కలిసిందో, ఎన్నాళ్లు ఎండలో ఉందో ఎవరూ చెప్పలేరు. మీరే ముందుజాగ్రత్తగా ప్లాస్టిక్ సీసాలో నింపి డిక్కీలో పెట్టుకోవడం ఇంకా ప్రమాదం, బంకువాళ్లు అలా అమ్మకూడదు కూడా.

ఇంక చివరిది, పొరపాటున వేరే ఇంధనం పడితే. డీజిల్ కారులో పెట్రోల్ పోశాడని గన్ తీయకముందే తెలిసినా, సగంలో తెలిసినా, ఒక లీటరే పడినా, తాళం తిప్పకండి. తాళం తిప్పితే చాలు, చాలా బళ్లలో ట్యాంకులో పంపు తిరగడం మొదలై అది పైపుల్లోకి వెళ్తుంది. డీజిల్‌కి ఉండే జిడ్డు పెట్రోల్‌కి ఉండదు, హై ప్రెషర్ పంపు ఆ జిడ్డు మీదే బతుకుతుంది, అది అరిగి ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా పోతే బిల్లు లక్ష దగ్గర మొదలవచ్చు. పెట్రోల్ కారులో డీజిల్ పడితే పొగ, ఆగిపోవడం, నష్టం తక్కువే కానీ చేయాల్సింది అదే. నలుగురు కలిసి బండిని పక్కకి తోయండి, మెకానిక్‌ని అక్కడికే పిలిచి ట్యాంకు మొత్తం దింపించి, కొత్తది కొంచెం పోసి కడిగించి, అప్పుడు నింపండి. బిల్లు మీద ఏ ఇంధనం కొట్టారో ఉంటుంది, దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, దింపించిన ఖర్చు ఎవరు కట్టాలన్న మాట వచ్చినప్పుడు అదొక్కటే మీ చేతిలో ఉండే సాక్ష్యం.